ఫ్రీలాన్స్‌గా పత్రికలకు రాసి బతకొచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం, వయసు 31, రాయడం మీద ఇష్టం. ఆరు నెలల్లో ఆదివారం అనుబంధాలకు, వారపత్రికలకు కలిపి ఐదు వ్యాసాలు పంపారు. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఉద్యోగం మానేసి పూర్తిగా దీని మీదే కూర్చుంటే ఫలితం ఉంటుందా అని.

ఉద్యోగం మానకండి. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది నింపాదిగా మాట్లాడుకోవచ్చు. నేను 2003 నుంచి రాస్తున్నాను. మొదటి పారితోషికం 150 రూపాయలు, మనీ ఆర్డర్‌లో వచ్చింది. పోస్ట్‌మ్యాన్ ఫారం అడుగున ఉన్న కూపన్ ముక్క చింపి చేతిలో పెట్టాడు. దాని మీద నా వ్యాసం పేరు తప్పుగా రాసి ఉంది. ఆ ముక్క ఇప్పటికీ నా దగ్గరుంది. అప్పటినుంచి ఇప్పటివరకు, కేవలం తెలుగు పత్రికలకు రాసిన వ్యాసాల డబ్బుతో మా ఇల్లు గడిచిన నెల ఒక్కటీ లేదు. మరి ఎలా గడిచిందో కిందకి వచ్చాక చెప్తాను.

ఐదింటికీ జవాబు రాలేదంటే అవి బాగాలేవని అర్థం కాదు. బాగున్నాయనీ కాదు. చాలావరకు ఎవరూ తెరిచి ఉండరు. ఇది నేను ఊహించి చెప్పడం లేదు. 2009లో ఒక పత్రిక ఫీచర్స్ డెస్క్‌లో (వచ్చిన వ్యాసాలు ఎంచి, దిద్ది, పేజీలు నింపే చోటు), ప్రసూతి సెలవు మీద వెళ్లినావిడ స్థానంలో నాలుగు నెలలు కూర్చున్నాను. అంతకుముందు ఆరేళ్లు బయటి నుంచి రాసి నేర్చుకున్నదానికన్నా ఆ నాలుగు నెలల్లో నేర్చుకున్నదే ఎక్కువ.

పొద్దున పదకొండింటికి వెళ్లేసరికి బల్ల మీద కవర్ల కట్ట ఉండేది. మెయిల్‌లో ఇంకో ముప్పై నలభై. సగానికి పైగా ఒకటే తీరు. 'గౌరవనీయులైన సంపాదకుల వారికి నమస్కరించి వ్రాయునది' అని మొదలై, రచయిత బిరుదులు, అందుకున్న సన్మానాలు అన్నీ అయ్యాక ఎక్కడో చివర్లో వ్యాసం దేని గురించో తెలిసేది. అంతదాకా చదివే తీరిక నాకు ఉండేది కాదు. నా చేతిలో మూడు పేజీలు. గురువారం సాయంత్రం ఆరింటికి అవి వెళ్లిపోవాలి. మంగళవారానికి రెండు నిండేవి. మూడోదాని గురించి బుధవారమంతా తిండి సహించేది కాదు. యాడ్ వస్తే పేజీలో మూడో వంతు పోతుంది. ఆ యాడ్ రద్దయితే అదే మూడో వంతు సాయంత్రం ఐదింటికి మళ్లీ నా నెత్తిన పడుతుంది.

అప్పట్లో పిఠాపురం వైపు నుంచి ఒక స్కూల్ మాస్టారు రాసేవారు. వాక్యాలు చప్పగా ఉండేవి. కానీ 420 మాటలు అడిగితే 420 మాటలే వచ్చేవి. రెండు ఫొటోలు, వెనకవైపు పెన్సిల్‌తో ఎవరు ఎవరో రాసి ఉండేది. చివర ఫోన్ నంబరు, పక్కనే 'సాయంత్రం 5 తరువాత ఇంట్లో ఉంటాను' అని. ఆ నాలుగు నెలల్లో ఆయనవి తొమ్మిది వేశాను. ఇంకొకాయన ఉండేవారు. ఏం రాస్తారండీ, చదువుతుంటే మనం పని మర్చిపోతాం. మూడు వేల మాటలు పంపి పైన ఎర్ర ఇంకుతో 'ఒక్క అక్షరం కూడా కత్తిరించరాదు' అని రాసేవారు. ఆయనవి ఒక్కటీ వేయలేకపోయాను. ఇప్పటికీ ఆ బాధ ఉంది, కానీ ఆ గురువారాలు మళ్లీ వచ్చినా నేను మాస్టారి కవరే ముందు తెరుస్తాను.

కాబట్టి మీరు ముందుగా ఆలోచించాల్సింది మీ వ్యాసం గురించి కాదు. బుధవారం పూట డెస్క్‌లో కూర్చున్న ఆ మనిషి గురించి. మిగతా నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు, విషయాన్ని ఐటెం అనుకోవడం. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘంలో వస్తుంది. దానికి నెల ముందు నుంచి 'సమ్మక్క సారలమ్మ చరిత్ర' అంటూ వ్యాసాలు కుప్పలు తెప్పలుగా వచ్చిపడతాయి. ఆ చరిత్ర డెస్క్‌లో వాళ్లకి కంఠతా వచ్చు, రెండేళ్ల కిందట వాళ్లే దిద్దారు కాబట్టి. అదే, నిలువెత్తు బంగారం, అంటే మొక్కుకున్న మనిషి బరువుకి సరిపడా బెల్లం, తూచే చోట కాటా దగ్గర కూర్చున్న మనిషి ఆ నాలుగు రోజులూ ఏం చూస్తాడు, ఎంత బెల్లం అతని చేతుల మీదుగా వెళ్తుంది, రాత్రి పడుకుంటే ఒంటికి పట్టిన బెల్లం జిగురు వదలడానికి ఏం చేస్తాడు అని ఒకళ్లు రాస్తే? అది ఐటెం. జాతర విషయం మాత్రమే.

రెండో సంగతి తేదీ. ఆదివారం అనుబంధం ఆదివారం ఉదయం తయారవదు. నేను రాసిన చోట్ల రంగు పేజీలు వారం పది రోజుల ముందే అయిపోయేవి. మాసపత్రికకు నెలన్నర, దీపావళి ప్రత్యేక సంచికకు రెండు నెలల ముందు ఇస్తేనే లెక్క. సంక్రాంతి ముగ్గుల మీద వ్యాసం జనవరి మొదటి వారంలో పంపితే, అది వచ్చే ఏడాదికి పంపినట్టే. నా డైరీలో రాబోయే రెండేళ్ల తేదీలు రాసి పెట్టుకుంటాను. గోదావరి పుష్కరాలు 2015లో వచ్చాయి, మళ్లీ 2027లో. కృష్ణా పుష్కరాలు 2028లో. ఇలాంటివి అందరికీ తెలుసు కాబట్టి పోటీ ఎక్కువ. అందరూ మర్చిపోయే తేదీలే మనకు కూడు పెడతాయి.

ఒక ఉదాహరణ చూపిస్తాను. వాట్సాప్‌లోగానీ మెయిల్‌లోగానీ నేను పంపే ప్రతిపాదన ఇలా ఉంటుంది:

"నమస్తే. 2027 నవంబర్ 19కి దివిసీమ ఉప్పెనకు 50 ఏళ్లు. ఆ రాత్రి పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకి ఇప్పుడు అరవై. నాగాయలంక, అవనిగడ్డ వైపు అలాంటివాళ్లు నలుగురితో మాట్లాడి, ఆ రాత్రి వాళ్లు ఏది పట్టుకుని బతికారు అన్న ఒక్కదాని మీదే రాస్తాను. 1,000 మాటలు. మనుషుల ఫొటోలు నాలుగు, ఊరివి నాలుగు నేనే తీసి ఇస్తాను. సెప్టెంబర్ 30కి మీకు అందుతుంది. ఇంతకుముందు అచ్చయినవి రెండు జత చేశాను."

అంతే. ఉప్పెన ఎలా వచ్చింది, ఎందరు పోయారు అన్నది ఆ రోజు అన్ని పేపర్లలోనూ వస్తుంది. 'ఏది పట్టుకుని బతికారు' అన్నది మాత్రం మీరు వెళ్లి అడిగితేనే వస్తుంది. ఎంత పొడుగు, ఎప్పుడు, ఫొటోలు ఉన్నాయా లేదా అన్న మూడు ప్రశ్నలకు డెస్క్ అడగకుండానే జవాబు దొరికింది. (కావాలంటే దివిసీమ ఐటెం మీరే తీసుకోండి, నాకు అభ్యంతరం లేదు. కాకపోతే నాకంటే ముందు వెళ్లాలి.)

కథలకు ఇది వర్తించదు. కథ పూర్తిగా రాసే పంపాలి, దానికో హామీ పత్రం జతపరచాలి: సొంత రచన, అనువాదం, అనుసరణ కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, వేరే పత్రికల పరిశీలనలో లేదు అని. దీన్ని తేలిగ్గా తీసుకుని ఒకే కథను ముగ్గురికి పంపేవాళ్లున్నారు. ఒకే వారం రెండు పత్రికల్లో అచ్చయితే ఆ పేరు రెండు డెస్కుల్లోనూ గోడకి ఎక్కుతుంది. నేను ఆ కాగితం అంటించి ఉండటం కళ్లారా చూశాను.

ఇక అక్షరాల సంగతి. చిన్న విషయం అనిపిస్తుంది గానీ ఇక్కడే చాలా వ్యాసాలు చచ్చిపోతాయి. మీరు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో యూనికోడ్‌లో టైపు చేస్తారు. పేజీ పెట్టేచోట చాలా కాలం పాటు యూనికోడ్‌తో పొసగని పాత అను ఫాంట్లదే రాజ్యం, ఇప్పటికీ కొన్ని చోట్ల ఉన్నాయి. మధ్యలో కన్వర్టర్ ఒకటి నడుస్తుంది. అది కొన్నిటిని మింగేస్తుంది. 'నవంబర్‌లో' అన్న మాటలో పొల్లుకీ 'లో'కీ మధ్య కనబడని అక్షరం ఒకటి ఉంటుంది, అది పోతే 'నవంబర్లో' అవుతుంది. సరే, అది చదవొచ్చు. 'సాఫ్ట్‌వేర్' పోయి 'సాఫ్ట్వేర్' అయినప్పుడు చూడాలి, కింద వత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. నా వ్యాసంలో ఒకసారి అంకెలన్నీ ఎగిరిపోయి, 'ఆయన కిలోల బియ్యంతో మందికి వండారు' అని అచ్చయింది. అప్పటినుంచి ముఖ్యమైన అంకెలున్న చోట అవి మళ్లీ మెయిల్ కింద విడిగా ఒక వరుసలో రాస్తాను. అలాగే పీడీఎఫ్ ఒకటి జతచేస్తాను, పేజీ పెట్టే డీటీపీ వాళ్లు సరిచూసుకోవడానికి. వ్యాసాన్ని మాత్రం వర్డ్ ఫైల్‌లోనో మెయిల్‌లోనో ఇవ్వండి. పీడీఎఫ్ మాత్రమే పంపితే దాన్ని మళ్లీ ఎవరో టైపు చేయాలి. ఎవరూ చేయరు.

మాటల లెక్కలో ఒక తిరకాసు ఉంది. తెలుగులో విభక్తులు మాటకే అతుక్కుంటాయి కాబట్టి మన వెయ్యి మాటలు ఇంగ్లిష్‌లో వెయ్యి కంటే చాలా ఎక్కువ చోటు తింటాయి. ఇంగ్లిష్ పత్రికలకు రాసే అలవాటుతో 1,500 మాటలు ఇస్తే తెలుగు పేజీ పొంగిపోతుంది. ఫొటోతో కలిపి ఒక పేజీ అంటే 400 నుంచి 450 మాటలు అనుకోండి. ఆ పత్రిక పాత సంచిక తీసి, ఒక పేజీలో ఉన్న మాటలు వేలుపెట్టి లెక్కపెట్టడం ఇంకా మంచిది. నేను ఇప్పటికీ కొత్త పత్రికకు రాసేముందు అలాగే చేస్తాను.

ఫొటోల గురించి రెండే మాటలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది ఫొటోని పిండేస్తుంది, అచ్చులో మసకగా వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి. ప్రతిదీ నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి తీయండి, పేజీ ఎలా పెడతారో మనకు తెలియదు కదా.

ఇప్పుడు నన్ను ఇప్పటికీ సిగ్గుపడేలా చేసే సంగతి. 2011లో మంగళగిరి నేతపనివాళ్ల మీద ఒక ఐటెం రాశాను. వాళ్ల ఇంట్లో గుంట మగ్గం. ఆయన గుంటలో కాళ్లుపెట్టి కూర్చుని నేస్తున్నాడు, భార్య పక్కగదిలో రాట్నం మీద కండెలు చుడుతోంది. అడ్డదారం మోసే నాడె ఇటునుంచి అటు వెళ్లినప్పుడల్లా ఠక్కుమని చప్పుడు. నేను రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టుకుని, రాసుకోవడం మానేసి, హాయిగా చూస్తూ కూర్చున్నాను. మజూరీ ఎంత అని అడిగాను. చెప్పాడు. ఇంటికొచ్చి వింటే అంతా ఠక్ ఠక్. ఆ చప్పుళ్ల మధ్య అంకె వినబడింది, వెనకాల ఉన్న మాట వినబడలేదు. చీరకి అనుకున్నాను, అలాగే రాసేశాను.

ఆయన చెప్పింది పడుగుకి, అంటే మగ్గానికి ఒకసారి ఎక్కించే నిలువు దారాల మొత్తానికి. ఆయన నేసే పడుగు మీద నాలుగు చీరలు దిగుతాయి. అంటే చీరకి నేను రాసినదాంట్లో నాలుగో వంతు. వ్యాసం వచ్చిన రోజు తోటి నేతపనివాళ్లు 'నీకొక్కడికే చీరకి అంత ఇస్తున్నారా' అని ఆయన ఇంటి మీదకి వచ్చారట. సావుకారుకి ఇంకా కోపం వచ్చింది, రెండు వారాలు నూలు ఇవ్వలేదు. సవరణ వేయించాను. మూడు వారాల తరవాత, పేజీ అడుగున, మూడు వరుసలు. ఎవరు చూస్తారు? నేనే బస్సెక్కి వెళ్లి క్షమించమని అడిగాను. ఆయన తిట్టలేదు. మగ్గం ఆపకుండానే, "ఫోన్ చేసి అడిగుంటే చెప్పేవాణ్ణి గదమ్మా" అన్నాడు.

అప్పటినుంచి నాకు ఒక నియమం. వ్యాసం పంపేముందు ఫోన్ చేసి పేర్లు, వయసులు, డబ్బు అంకెలు, కొలతలు చదివి వినిపిస్తాను. 'ఇది దేనికి? రోజుకా, నెలకా, చీరకా, పడుగుకా?' అని ఒక్కొక్కటీ అడుగుతాను. వ్యాసం మొత్తం మాత్రం చదివి వినిపించను. వినిపిస్తే తమ బావమరిది పేరు కూడా రాయమంటారు. రికార్డర్ వాడండి, కానీ చేత్తో కూడా రాసుకోండి. పనివాళ్ల మాటను వాళ్లన్నట్టే రాసుకుని, అర్థం అక్కడికక్కడే అడగండి. పడుగు, పేక, అచ్చు అంటే ఏమిటో తెలిసినట్టు తల ఊపి ఇంటికొచ్చాక నిఘంటువు వెతికితే, నాలాగే అవుతుంది.

ఆఫీసుల్లో ఇంకో తలనొప్పి. 'మీరు ఏ పత్రిక?' అంటారు. మనకు గుర్తింపు కార్డు ఉండదు. ఐటెం ఒప్పుకున్న ఎడిటర్‌ని రెండు వరుసల మెయిల్ అడిగి తీసుకోండి, కొందరు ఇస్తారు. అంకెలు కావాల్సి వస్తే నేను ఎవరినీ బతిమాలను. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు, 30 రోజుల గడువు. దానికి విలేకరి కావాల్సిన పనిలేదు, పౌరుడైతే చాలు. రోజువారీ పేపరు విలేకరికి 30 రోజులు ఆగే తీరిక ఉండదు, మనకుంటుంది.

పంపాక ఎన్నాళ్లు ఆగాలి అంటారా? ఫీచర్ అయితే రెండు వారాలు. తరవాత ఒక్క ఫోన్, పొద్దున పదకొండున్నర, పన్నెండు మధ్య. సాయంత్రం నాలుగు దాటాక పొరపాటున కూడా చేయొద్దు. 'నా వ్యాసం చదివారా?' అని అడక్కండి, ఆ ప్రశ్నకి జవాబిస్తే వాళ్లు దొరికిపోతారు. 'ఫలానా ఐటెం, వాడుకోని పక్షంలో వేరేచోట ఇచ్చుకుంటాను, శుక్రవారం దాకా ఆగమంటారా?' అనండి. దానికి అవును, కాదు రెండే జవాబులు. కథలకైతే మూడు నెలలు ఆగాల్సిందే, అదీ మౌనమే జవాబు అయ్యే అవకాశం ఎక్కువ.

ఈమధ్య డెస్కుల్లో ఉన్న మిత్రులు ఒక గోల చెప్తున్నారు. ఏఐతో రాయించి పంపేవాళ్లు ఎక్కువయ్యారట. పట్టుకోవడం కష్టమా అంటే, అస్సలు కాదు అంటున్నారు. ఊరు పేరు ఉంటుంది, ఆ ఊళ్లో మాట్లాడిన మనిషి ఒక్కడూ ఉండడు.

హక్కుల గురించి మీరు అడగలేదు, కానీ నేను పదేళ్లు ఆలస్యంగా తెలుసుకున్నాను కాబట్టి చెప్తున్నాను. మీరు ఆ పత్రికలో ఉద్యోగి కాకపోతే, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, రాసిన దాని మీద కాపీరైటు మీదే. 1957 కాపీరైటు చట్టం ఆ మాటే చెప్తుంది. హక్కులు బదిలీ చేస్తే అది రాతలో ఉండి తీరాలి. ఎంత కాలానికో రాయకపోతే ఐదేళ్లకే, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. ఫొటోల దగ్గర మాత్రం జాగ్రత్త. వాళ్లు అడిగి డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో, వేరే ఒప్పందం లేకపోతే వాళ్లది అవుతుంది. అందుకే ఫొటోలు నాకోసం నేను తీసుకుని, వాటిని ఒకసారి ప్రచురించుకోవడానికి ఇస్తున్నానని మెయిల్‌లో ఒక వాక్యం రాస్తాను. 'సర్వహక్కులు మావే' అన్న ఫారం వస్తే చదవకుండా సంతకం పెట్టొద్దు. పెట్టక తప్పకపోతే డబ్బు ఎక్కువ అడగండి. ఒకసారి అడిగాను, ఇచ్చారు. నేనే ఆశ్చర్యపోయాను.

ఎందుకింత చెప్తున్నానంటే, ఇల్లు గడవడంలో ఈ హక్కులకూ వంతు ఉంది. తెలుగు పత్రిక ఒక వ్యాసానికి ఇచ్చేది నా అనుభవంలో 500 నుంచి 3,000 మధ్య. ఇంగ్లిష్ పత్రికలు, వెబ్‌సైట్లు చాలావరకు మాటకి ఇంత అని ఇస్తాయి, అది మెరుగు. మనవాళ్లు ఐటెంకి ఇంత అంటారు. బస్సు చార్జీలు మీవే. ఒక్క ప్రయాణానికి ఒక్క వ్యాసం రాస్తే నష్టం ఖాయం.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినప్పుడు నేను వెళ్లి రెండు రోజులున్నాను. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట. గుడ్డని పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచి, కుండ మీద పరిచి లాగేస్తే రేకు. లాగడమూ రేకు ఊడి రావడమూ మూడు నాలుగు సెకన్లలో అయిపోతుంది. ఆ వేడి ముందు రోజంతా కూర్చునేది ఆడవాళ్లే. ఆదివారం అనుబంధానికి రేకు తీసే ఒకావిడ రోజు రాశాను. ఇంగ్లిష్‌లో ఒక వెబ్‌సైట్‌కి, జీఐ వల్ల రేకు తీసే మనిషి కూలీ పెరిగిందా అన్న కోణంలో రాశాను. ఆకాశవాణికి పది నిమిషాల ప్రసంగం ఇచ్చాను. పిల్లల పేజీకి 'కుండ మీద కాగితం' అని 200 మాటలు. నాలుగింట్లోనూ ఒక్క వాక్యం కూడా ఉమ్మడిగా లేదు, నోట్‌బుక్ మాత్రం ఒకటే. ఇది మోసం కాదు. అదే వ్యాసాన్ని పేరు మార్చి పంపితే మోసం.

అదీ చాలదు. అనువాదాలు, సావనీర్లకు ఎడిటింగ్, రిటైరైన పెద్దవాళ్ల జీవిత కథలు వాళ్ల పేరు మీద రాసిపెట్టడం, ఇవన్నీ చేశాను, చేస్తున్నాను. నిజం చెప్పాలంటే ఆ జీవిత కథలే మా అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు కట్టాయి.

డబ్బు రావడం గురించి. అచ్చయ్యాకే ఇస్తారు, అదీ రెండు మూడు నెలలకి. పాన్, బ్యాంకు వివరాలు మొదటి వ్యాసంతోనే ఇచ్చేయండి. ఒక సంస్థ ఏడాదిలో మీకిచ్చేది 50,000 దాటితే 10 శాతం టీడీఎస్, అంటే ముందుగానే ఆదాయపు పన్ను, పట్టుకుంటారు (2025 ఏప్రిల్‌కి ముందు 30,000 ఉండేది). పాన్ ఇవ్వకపోతే 20 శాతం. బ్యాంకులో ఉన్నవారు, రిటర్న్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. నోట్‌బుక్‌లో ఐదు గడులు గీసుకోండి: ఐటెం, పంపిన తేదీ, అచ్చయిన తేదీ, రావాల్సింది, వచ్చింది. ఆ ఐదో గడి ఖాళీలు చూస్తే ఏ పత్రికకు రాయాలో ఏడాది తిరిగేసరికి మీకే తెలుస్తుంది. ఒక మాసపత్రిక నాకు పదకొండు వ్యాసాల డబ్బు ఇవ్వాలి. 'వచ్చే నెల కలిపి ఇస్తాం' అంటూ ఉండగానే 2020 లాక్‌డౌన్ వచ్చింది, పత్రికే లేకుండా పోయింది. మూడు బాకీ పడగానే ఆపేయాల్సింది. ఎడిటర్‌ గారు మంచాయన, అడగడానికి మొహమాటం అడ్డొచ్చింది. తప్పు నాదే.

ఆ ఏడాది చాలా మారిపోయింది. ఆదివారం అనుబంధాలు పల్చబడ్డాయి. 1978లో మొదలైన చతుర, విపుల లాంటి మాసపత్రికలే ఆ తరవాత ఆగిపోయాయి. అంటే మీరు ప్రయత్నిస్తున్న పేజీలు నేను మొదలుపెట్టినప్పటి కంటే బాగా తక్కువ. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు, ఐదు వ్యాసాలు లెక్కలోకి రావని చెప్పడానికి.

చివరిగా మీ వ్యాసాలు. మీరు రాసిన పేర్లు చూశాను: వర్షాకాలంలో ఆరోగ్యం, అరకు అందాలు, మన పండుగల విశిష్టత, మంచి పుస్తకాలు, సానుకూల దృక్పథం. ఏమీ అనుకోకండి, ఇవి ఎవరైనా రాయొచ్చు, ఇల్లు కదలకుండా రాయొచ్చు. మీరు మాత్రమే చూసేది ఇంకొకటుంది. బంగారం తాకట్టు కౌంటర్. జూన్‌లో అక్కడ వరుస పెరుగుతుందా? స్కూలు ఫీజుల కోసం వచ్చేవాళ్లు ఎవరు, విత్తనాలకీ ఎరువులకీ వచ్చేవాళ్లు ఎవరు? ముందు ఏ నగ తీసుకొస్తారు, చివరిదాకా ఏది దాచుకుంటారు? విడిపించుకున్న రోజు కౌంటర్ దగ్గరే మెళ్లో వేసుకుని వెళ్లేవాళ్లుంటారా? నేను డెస్క్‌లో ఉంటే ఈ ఐటెం కోసం మూడో పేజీ ఆపి ఉంచుతాను.

కాకపోతే మీ ఖాతాదారుల వివరాలు ఒక్కటి కూడా అందులోకి రాకూడదు. మనుషుల్ని బ్యాంకు బయట, వేరేగా పరిచయం చేసుకుని, ఎందుకు అడుగుతున్నారో చెప్పి, ఒప్పుకుంటేనే మాట్లాడాలి. మీ ఉద్యోగ నియమాల్లో పత్రికలకు రాయడానికి అనుమతి తీసుకోవాలని ఉందేమో ముందు చూసుకోండి, చాలా చోట్ల ఉంటుంది. అనుమతి లేఖ చేతికి రావడానికి నెల పట్టినా జూన్ వరుసకి అందుకోవాలంటే మార్చిలోనే అడగడం మేలు.

రాశాక 450 మాటలకు కుదించి పంపండి, చూసి చెప్తాను. ఎర్ర ఇంకు వాడొద్దు.